లైసెన్సు ఉంది, తుపాకీ లేదు

రివాల్వర్ మీ అరచేతిలో ఉంది. చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా. పలాసలో చిన్న జీడి బట్టీ మీది. పిక్కల బస్తాలకీ కూలీలకీ నగదు తేక తప్పదు. ఆ డబ్బు సంచి భయమే మిమ్మల్ని ఈ దుకాణం దాకా తెచ్చింది.

కౌంటరు వెనకాయన ధర చెబుతాడు. గొంతు ఎండుకుపోతుంది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014లో ఆడవాళ్ల ఆత్మరక్షణకని ‘నిర్భీక్’ రివాల్వర్ తెచ్చినప్పుడే దాని వెల 1,22,360 రూపాయలు. ఇప్పుడు పన్నూ పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది. లక్ష రూపాయల సరుక్కి నలభై వేలు పన్నే. తోటాల ఖర్చు వేరే.

ఇక్కడిదాకా రావడానికే జేబు సగం ఖాళీ అయింది. అందులో లైసెన్సు రుసుము ఏ మూలకి? డాక్టరు సర్టిఫికెట్టు, కాల్చడంలో శిక్షణ పొందినట్టు ఇంకో సర్టిఫికెట్టు, ఇంట్లో భద్రంగా దాచడానికి తాళం బీరువా. పోలీసులు విచారణకు వచ్చిన రోజు బట్టీ వెలగలేదు. శ్రీకాకుళం కలెక్టరేట్‌కి తిరిగిన రోజులకి లెక్కే లేదు. ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండనే ఉంది.

“ఏటండీ, పిల్ల ఫీజు కట్టకుండా దీనికెట్టేస్తారా?” ఇంటావిడ పొద్దున్న అన్న మాట చెవిలోనే ఉంది.

తుపాకీ అందరికీ తేలిగ్గా దొరక్కూడదు, నిజమే. కానీ ధరతో వడపోస్తే పెద్ద ఫ్యాక్టరీ యజమానికి దొరుకుతుంది, చిన్న బట్టీవాడు అప్పుచెయ్యాలి. సంచి పట్టుకుని చీకట్లో వెళ్లేది ఎక్కువగా ఆ చిన్నవాడే.

కొంటారా, మానేస్తారా? సంతకం పెట్టేశారు.

కొన్నాళ్లకే ఎన్నికల కోడ్. స్టేషన్ నుంచి ఫోన్: ఆయుధం తెచ్చి అప్పజెప్పండి. 2024లో మార్చి 16న కోడ్ వస్తే ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. అన్నాళ్లూ మీ అప్పుకి వడ్డీ నడుస్తుంది, రివాల్వర్ మాత్రం స్టేషన్లో ఉంటుంది.

నరసన్నపేటలో బాకీ వసూలయ్యేసరికి రాత్రయింది. కోడ్ రోజుల్లో 50 వేలు దాటిన నగదుకి కాగితాలు చూపాలి. రసీదులు పైజేబులో పెట్టుకున్నారు. సంచి సీటు కింద.

కోటబొమ్మాళి దాటారు. అద్దంలో ఒక లైటు. పక్కనే ఇంకోటి. మీరు వేగం తగ్గించారు. వాళ్లూ తగ్గించారు.

చెయ్యి నడుము దగ్గరికి పోయింది. హోల్‌స్టర్ ఖాళీ.

ఉంటే మాత్రం? బయటికి కనిపించకుండా కప్పి ఉంచాలన్నది నిబంధన. చొక్కా ఎత్తాలి. తియ్యాలి. రెండో చెయ్యి స్టీరింగు మీదే. పైగా వాళ్లు దొంగలేనా? మీకింకా తెలీదు.

ఒక బండి పక్కకి వచ్చింది. కిటికీకి సరిగ్గా. హెల్మెట్. మొహం కనపడదు. అద్దం మీద చేత్తో కొట్టాడు.

ఆపొద్దు.

సంచి విసిరేస్తారా? కూలీల వారం డబ్బులు. చెయ్యి రాదు.

ముందు ఎడమవైపు పెట్రోలు బంకు. దీపాలు. మనుషులు. ఇండికేటరు వెయ్యకండి. హారన్ నొక్కి పట్టండి. తిప్పండి. ఇప్పుడే.