పదిమంది లోపు పనిచేసే చోట చట్టం

కార్మిక చట్టాల చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలు మిల్లులు, రైల్వేలు, సమ్మెల దగ్గరే ఆగిపోతాయి. తోళ్లు ఊనే లందలు, బీడీ కార్ఖానాలు, చెప్పుల దుకాణాలు అందులో కనిపించవు. దళితుల చెమట కారింది ఎక్కువగా ఇలాంటి చోట్లే. చట్టం మనుషుల్ని లెక్కబెట్టిన తీరులోనే దీని మూలం ఉందని మేము భావిస్తున్నాం.

1881 నాటి తొలి ఫ్యాక్టరీ చట్టం యంత్రశక్తితో నడిచే, 100 మంది పనిచేసే చోటుకే వర్తించింది. 1891లో ఆ సంఖ్య 50కి, 1922లో 20కి దిగింది. 1948 చట్టం యంత్రశక్తి ఉంటే 10, లేకపోతే 20 అని గీత గీసింది. గీత దిగిన ప్రతిసారీ కొందరికి రక్షణ దొరికిన మాట నిజమే. మరి తొమ్మిది మందితో నడిపించే యజమాని సంగతేమిటి? అతను ఫ్యాక్టరీ చట్టానికి చిక్కడు.

గీత కింద ఏం జరిగేదో 1931 విట్లీ కమిషన్ నివేదిక కొంత చెప్పింది. మద్రాసు బీడీ కార్ఖానాల్లో, అమృత్‌సర్ తివాచీ కార్ఖానాల్లో తల్లిదండ్రుల అప్పు కింద పిల్లల శ్రమ తాకట్టులో ఉంది. దాన్ని నిషేధిస్తూ 1933లో చట్టం వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకోవడం మన ఊళ్లలో పాలేరుకు కొత్త కాదు. ఊరి వెట్టే పట్నంలో కార్ఖానా వేషం వేసుకుంది.

ఈ లెక్కను వేరే దారి పట్టించింది కనీస వేతనాల చట్టం. లేబర్ మెంబరుగా అంబేద్కర్ 1946 ఏప్రిల్‌లో ఆ బిల్లును ప్రవేశపెట్టారు. 1948లో అది చట్టమైంది. తోళ్ల పని, బీడీ పని, రాళ్లు కొట్టే పని, వ్యవసాయం దాని షెడ్యూల్‌లో చేరాయి. ఒక్క మనిషిని పనికి పెట్టుకున్నవాడు కూడా ఆ చట్టం దృష్టిలో యజమానే. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లో చేట ముందు పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లను కూడా ఉద్యోగులుగా గుర్తించింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని 23వ అధికరణ నిషేధించిన వెట్టే అవుతుందని 1982లో ఆసియాడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పనిలోకి తీసుకునే దగ్గర కులం సంగతి వేరు. 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. ప్రైవేటు దుకాణంలో అంటరానితనం పేరుతో ఉద్యోగానికి అడ్డుపడడం కూడా నేరమని 1955 చట్టానికి 1976లో చేసిన సవరణ చెప్పింది. అయితే "నువ్వు మాదిగోడివి, పనియ్యను" అని మొహం మీద ఎవడంటాడు? "మాకు తెలిసినోళ్లే కావాలి" అంటాడు. తెలిసినోళ్లంటే ఎవరో మనకు తెలుసు. నోటిమాట నియామకాల్లో ఈ వివక్షకు సాక్ష్యం మిగలదు.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కనీస వేతనం హక్కు షెడ్యూల్ దాటి ఉద్యోగులందరికీ విస్తరించింది. ఇది మేలే. కానీ ఫ్యాక్టరీ అనిపించుకునే సంఖ్య యంత్రశక్తి ఉంటే 20కి, లేకపోతే 40కి పెరిగింది. 1881 నుంచి కేంద్ర చట్టంలో దిగుతూ వచ్చిన గీత తిరిగి పైకి పోయింది. నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన ఉన్న వృత్తి భద్రత కోడ్ కూడా ప్రధానంగా పదిమంది, ఆపైన ఉన్న సంస్థలనే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా లాంటి అప్పు పథకాలతో దళితులు కూడా చిన్న యూనిట్లు పెట్టుకుంటున్నారు. ఇది గర్వించదగ్గదే. అయితే నలుగురితో నడిచే మన యూనిట్లో కూలి ఎంతో రాసి ఉందా? గర్భిణి పనిమానేయాల్సి వస్తోందా? అడ్వాన్సు తీరేదాకా పోవద్దంటున్నామా? ఎవరూ అడగరు కాబట్టి మనమూ అడగమంటే, పాత యజమాని లెక్కే మనదీ అవుతుంది. నియామక పత్రం ఒక్క కార్మికుడున్న చోట కూడా తప్పనిసరి చేయాలని దళిత, కార్మిక సంఘాలు కలిసి డిమాండ్ చేయాలి. ఆ పని మన యూనిట్లలో ముందుగానే మొదలుపెట్టవచ్చు. దీనిపై చర్చ జరగాలని కోరుతున్నాం.