ఎంబెడెడ్ వ్యవస్థల పరిశ్రమ (హైదరాబాదు)

ఏదైనా పరికరం లోపల ఇమిడి ఉండి, ఆ పరికరానికి ఉద్దేశించిన పనిని మాత్రమే నడిపే కంప్యూటరును ఎంబెడెడ్ వ్యవస్థ అంటారు. విద్యుత్ మీటరు, వాషింగ్ మెషీను, కారు బ్రేకులు, ఓటింగ్ యంత్రం మొదలైనవాటిలో ఇది ఉంటుంది. ప్రాసెసరు, మెమరీ ఒకే చిప్పులో కూర్చిన మైక్రోకంట్రోలరు దీనికి ఆధారం కాగా, ఆ చిప్పులో నిక్షిప్తం చేసిన ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. హైదరాబాదులో ఈ పరిశ్రమ చరిత్ర ప్రధానంగా ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) చరిత్రతో ముడిపడి ఉంది.

ఈ సంస్థకు రూపమిచ్చిన అయ్యగారి సాంబశివరావు (1914-2003) పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, అణు శాస్త్రవేత్త హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో ముంబయిలోని ట్రాంబేలో పనిచేయనారంభించిన అప్సర అణు రియాక్టరుకు అవసరమైన నియంత్రణ పరికరాలను దిగుమతి చేసుకోకుండా ఆయన నాయకత్వంలోని ఇంజనీర్లే తయారుచేయడం, ఆనాటి పరిస్థితుల్లో అసాధారణమైన సాహసం. 1963లో భాభా అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కమిటీలో ఆయన సభ్యులు. ప్రయోగశాలలో రూపొందిన పరికరాలను కర్మాగారంలో ఉత్పత్తి చేయాలన్న ఆలోచన ఫలితంగా అణుశక్తి శాఖ 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్.ను నెలకొల్పి, దాని సారథ్యాన్ని ఆయనకు అప్పగించింది. కర్మాగారానికి సమీపంలో వెలసిన నివాస ప్రాంతం నేటికీ ఏ.ఎస్.రావు నగర్‌గానే వ్యవహారంలో ఉంది.

1969లో సంస్థ టీడీసీ-12 అనే 12 బిట్ల డిజిటల్ కంప్యూటరును అందించింది. తరువాతి దశకంలో టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316 వెలువడగా, 1978 నాటికి మైక్రోప్రాసెసర్ ఆధారిత యంత్రం కూడా సిద్ధమైంది. తెలుగు ఇళ్లలో మాత్రం సంస్థ పేరు అది తయారుచేసిన ఈసీ టీవీ ద్వారానే ఎక్కువగా పరిచితమైంది.

సంస్థ ఉత్పత్తుల్లో చరిత్రపరంగా ముఖ్యమైనది ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం. ఎన్నికల సంఘం కోరికపై ఇ.సి.ఐ.ఎల్. 1979లో నమూనా తయారుచేయగా, 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు ప్రదర్శించారు. 1982 మే నెలలో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. చట్టంలో యంత్రాల ప్రస్తావన లేనందున 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాల్లో తిరిగి ఎన్నిక జరపాలని ఆదేశించింది. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించిన తరువాత ఇ.సి.ఐ.ఎల్.తో పాటు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా యంత్రాలను తయారుచేసింది. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా వీటితోనే జరిగాయి. ఒకే పని, నెట్‌వర్కుతో సంబంధం లేకపోవడం, బ్యాటరీతో నడవడం, మార్చ వీలులేని ప్రోగ్రాము అనే లక్షణాల వల్ల ఎంబెడెడ్ రూపకల్పనకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. అయితే ప్రోగ్రామును ఇక్కడి ఇంజనీర్లే రాసినా, చిప్పు తయారీ సామర్థ్యం దేశంలో లేనందున దానిని యంత్రభాషలోకి మార్చి విదేశీ తయారీదారులకు ఇవ్వవలసి వచ్చింది. ఈ పరిశ్రమకు మొదటినుంచి ఉన్న లోపం ఇదే. ప్రభుత్వం మొహాలీలో స్థాపించిన చిప్పుల కర్మాగారం 1989లో అగ్నిప్రమాదానికి గురికావడంతో అది మరింత ముదిరింది.

1991 సంస్కరణల తరువాత, ముఖ్యంగా ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని 1997 నాటి సమాచార సాంకేతిక ఒప్పందం కింద దిగుమతి సుంకాలు తొలగిపోవడంతో, దిగుమతుల ముందు దేశీయ తయారీ నిలవలేకపోయింది. క్వాల్‌కామ్, ఏఎండీ వంటి సంస్థల చిప్ డిజైన్ కేంద్రాలు మాత్రం నగరంలో విస్తరించాయి.

2020-22 మధ్య ప్రపంచవ్యాప్తంగా ఏర్పడిన చిప్పుల కొరత వల్ల చిన్న మైక్రోకంట్రోలరు దొరకక కార్ల ఉత్పత్తి ఆగిపోవడం దేశంలో చిప్పు తయారీ లేని లోపాన్ని విధానకర్తల దృష్టికి తెచ్చింది. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకాన్ని ప్రకటించింది. లైసెన్సు రుసుము చెల్లించనవసరం లేని రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసరు నిర్మాణం ఆధారంగా ఐఐటీ మద్రాసు ‘శక్తి’, ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ ‘వేగ’ ప్రాసెసర్లను రూపొందించడం ఈ కాలపు మెచ్చదగిన పరిణామం. నమూనాల తయారీకి తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ 2023లో ప్రారంభమైంది.

పరికరాలు ఇంటర్నెట్‌కు అనుసంధానమవుతున్న కొద్దీ ఫర్మ్‌వేర్ భద్రత, దానిని దూరం నుంచే సవరించవలసిన అవసరం కొత్త సమస్యలయ్యాయి. రైల్వే సిగ్నళ్లు, అణు విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల పరికరం దశాబ్దాల పాటు పనిచేయవలసి ఉండగా, అందులోని చిప్పు ఉత్పత్తి అంతకు ముందే నిలిచిపోతుంది. అప్పుడు బోర్డును మళ్లీ రూపొందించి, పరీక్షలన్నీ కొత్తగా జరపవలసి వస్తుంది. ఇక చిప్పుల తయారీ విషయానికి వస్తే, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు దక్షిణ కొరియా సాంకేతిక సహకారంతో ఏటా 9.6 కోట్ల చిప్పులను ప్యాకేజింగ్ చేసే కర్మాగారానికి కేంద్ర మంత్రివర్గం అనుమతినిచ్చింది. ప్యాకేజింగ్ అంటే వేరొకచోట సిలికాన్ పలకపై తయారైన చిప్పుకు తొడుగు, తీగల సంధానం సమకూర్చడం.