లెక్కకు చిక్కని హయ్యరు

సికిందరాబాదుకు తాతముత్తాతల జాడ వెతుక్కుంటూ వచ్చే విదేశీయుల పని ఒక రకంగా తేలిక. ముత్తాత కంటోన్మెంటులో తెల్ల సోల్జరైతే చాలు. 1813 నాటి సెయింట్ జాన్స్ లాంటి చర్చిల్లో పాదిరి దొరలు రాసిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల పద్దులకు నకళ్ళు తీసి మద్రాసు మీదుగా లండనుకు పంపేవారు. అవి ఇవాళ్టికీ బ్రిటిష్ లైబ్రరీలో ‘ఎన్ 2’ అనే వరుసలో ఉన్నాయి. సోల్జరు మట్టిలో కలిసినా పద్దు మాత్రం పదిలం.

మరి సోల్జరు కానివాడి సంగతో? కుంఫిణీ ఉప్పు తిననివాడు, అసలు ఇంగ్లీషువాడే కానివాడు ఉంటే? జర్మనీలో పుట్టి, అమెరికాలో పెరిగి, యాభై ఏళ్ళు వస్తుండగా గుంటూరులో తెలుగు ఓనమాలు దిద్దుకున్నవాడు ఉంటే? అతని కోసం ఏ దేశపు చిట్టా తిరగెయ్యాలి?

అలాంటివాడు ఒకడున్నాడు. గుంటూరు, పల్నాడు, గోదావరి సీమల్లోని లూథరన్ కుటుంబాల్లో ‘ఫాదర్ హయ్యరు’ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేరు తెలిసినంతగా మనిషి తెలియడు. ఆ మనిషిని కాగితాల్లో వెతకబోతే ఒక తమాషా బయటపడుతుంది.

మన దగ్గరైతే వంశం చెప్పడానికి మనుషులుండేవారు. రెడ్ల ఇళ్ళకు పిచ్చుకుంట్లవాళ్ళు వచ్చి ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలారో పొల్లు పోకుండా అప్పజెప్పేవారు. జర్మనీలో ఆ పని చర్చి పుస్తకం చేసింది. బ్రన్స్‌విక్ డచీలో హెల్మ్‌స్టెట్ అనే ఊరు. 1793 జూలై 10న బొచ్చుతోళ్ళ దుస్తుల వృత్తి చేసుకునే ఇంట్లో ఒక మగపిల్లవాడు పుట్టాడు. యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ హయ్యరు అని పేరు పెట్టారు. అప్పటికి ఆ దేశంలో సర్కారీ జనన రిజిస్టర్లు లేవు. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ ఏలిన వెస్ట్‌ఫేలియా రాజ్యంలో 1808లో గానీ అవి మొదలు కాలేదు. అంతకు ముందు పుట్టినవాళ్ళకు పాదిరి చేతిరాతే ఆధారం.

1807. సెయింట్ స్టీఫెన్ చర్చిలో కన్ఫర్మేషన్ అయింది. ఊళ్ళో ఫ్రెంచి సైన్యాల గోల. పెరిగే మగపిల్లవాడు ఇంట్లో ఉంటే ఎప్పుడు ఎవరొచ్చి తుపాకీ చేతికిస్తారో తెలీదు. ఫిలడెల్ఫియాలో మేనమామ ఉన్నాడు, ఆయనదీ తోళ్ళు, టోపీల వ్యాపారమే. పద్నాలుగేళ్ళవాణ్ణి మేనమామ దగ్గరికి పంపించెయ్యాలని తేల్చారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం మాటలు జరిగాయో ఏ పుస్తకమూ చెప్పదు. తండ్రి తాడుతో పెట్టె బిగిస్తూ మామయ్య మాట జవదాటకని చెప్పి ఉంటాడు. తల్లి ఏమీ చెప్పలేక పెట్టెలో ఇంకో చొక్కా కుక్కి ఉంటుంది. అంతకు ఏడాది ముందే, 1806లో, ఇక్కడ హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు పటాలం గుడారాలకు నిజాం సికందర్ జా పేర సికిందరాబాదు అని పేరు పడింది. ఒక చోట సైన్యం పేరు చెప్పి ఊరు వెలిసింది. ఇంకో చోట సైన్యానికి జడిసి పిల్లవాడు ఊరొదిలాడు.

రేవులో దిగగానే వెతికేవాడికి మొదటి దెబ్బ. అమెరికాలో ఓడ ప్రయాణికుల జాబితాలు చట్టప్రకారం మొదలైంది 1820లో. ఫిలడెల్ఫియా రేవుకు మాత్రం 1800 నుంచి సామాన్ల జాబితాలున్నాయి. జర్మన్ వలసదారుల పాత ఓడ జాబితాలు, 1727 నుంచి 1808 దాకా, 1934లో పుస్తకంగా అచ్చయ్యాయి కూడా. అయితే వలసపాలన రోజుల్లో రాజుకు విధేయుణ్ణని ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సింది పదహారు దాటిన మగవాళ్ళే. పిల్లల పేర్లు రాసేవాడి ఓపికను బట్టి ఉండేవి, లేదంటే లేవు. అందుకే వలసదారుల వంశం వెతికేవాళ్ళు పిల్లవాణ్ణి వెతకరు, వాడి మేనమామను వెతుకుతారు. మనవాళ్ళు కొత్తవాడు కనబడితే ‘ఎవరి తాలూకు’ అని అడిగినట్టే.

రెండో చిక్కు పేరుతో. యోహాన్ కాస్తా జాన్ అయ్యాడు, ఫ్రీడ్రిష్ ఫ్రెడరిక్ అయ్యాడు. తరవాత జాన్ రాలిపోయి సి.ఎఫ్. మిగిలింది. జర్మన్ చెవికి ‘హైయర్’, తెలుగు నోటికి ‘హయ్యరు’. ఒకే మనిషిని వెతకాలంటే అయిదారు స్పెల్లింగులు చేతిలో పట్టుకుని తిరగాలి.

చదువు దగ్గర మాత్రం జాడ తేటగా ఉంది. పుట్టిన ఊళ్ళో 1576 నుంచీ ఉన్న విశ్వవిద్యాలయాన్ని 1810లో జెరోమ్ ప్రభుత్వం మూసేసింది. కాబట్టి 1815లో వేదాంతం చదవడానికి జర్మనీకి తిరిగి వెళ్ళినప్పుడు గోటింగెన్ చేరాడు. మరుసటి ఏడు మళ్ళీ అమెరికా. 1820లో గురుత్వాభిషేకం. మేరీ అనే వితంతువును పెళ్ళాడాడు. పెన్సిల్వేనియా కొండల్లో ఇరవై ఏళ్ళపాటు గుర్రం మీద ఊరూరూ తిరిగి, జర్మన్లో ఒక ప్రసంగం, ఇంగ్లీషులో ఒక ప్రసంగం. కాలికి బలపం కట్టుకుని తిరిగాడంటే అతిశయోక్తి కాదు. 1839లో భార్య పోయింది. సోమర్‌సెట్ కౌంటీలోని ఫ్రీడెన్స్ శ్మశానంలో మట్టి చేశారు.

ఆమె పోయిన రెండేళ్ళకు, 1841 అక్టోబరులో, బోస్టన్‌లో ఓడెక్కాడు. పెన్సిల్వేనియా లూథరన్ సంఘం పంపింది. సిలోన్‌లో దిగి, తమిళదేశం మీదుగా మద్రాసు చేరి, అక్కణ్ణుంచి ఉత్తరంగా బయల్దేరాడు.

1842 జూలై 31, ఆదివారం. శుభకృత్ నామ సంవత్సరం, ఆషాఢం. పల్లకీ బోయీలు గుంటూరు చేర్చి దించారు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఎండకు కందిన మొహం. తెలుగు ఒక్క ముక్క రాదు. జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్సు ఎదురొచ్చి ఇంట్లో దింపుకున్నాడు.

‘ఈ జిల్లా మీద కరువు నీడ ఇంకా పోలేదు’ అని ఆ సాయంత్రం స్టోక్సు చెప్పి ఉంటాడని ఊహించుకోవచ్చు. ఊహే గానీ కారణముంది. పదేళ్ళ కిందటే, 1832-33లో, నందన కరువు. డొక్కల కరువన్నారు. గుంటూరు జిల్లా అయిదు లక్షల జనంలో దగ్గర దగ్గర రెండు లక్షలు పోయారని అంచనా. అప్పుడిక్కడ పనిచేసిన సి.పి. బ్రౌను తన సర్కారీ రాతల్లో ‘కొరత’ అనకుండా ‘కరువు’ అన్నందుకు పైవాళ్ళ చేత చీవాట్లు తిన్నాడు. చచ్చినవాళ్ళ పేర్లు ఏ చిట్టాలోనూ లేవు. చావుకు పెట్టాల్సిన పేరు మీద మాత్రం ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. కాగితం ఎవరిని గుర్తుంచుకుంటుంది అన్న ప్రశ్న హయ్యరు ఒక్కడితో పుట్టింది కాదు.

బడులు పెట్టాడు. ఆరోగ్యం చెడి 1845లో అమెరికా వెళ్ళాడు. మనవాళ్ళైతే ఆ వయసులో అరుగు మీద పడక్కుర్చీ వేయించుకుంటారు. ఈయన బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1847లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నాడు. యాభై నాలుగేళ్ళకు డాక్టరై మళ్ళీ గుంటూరు దారి పట్టాడు. 1849లో పల్నాడుకు మకాం మార్చాడు. గురజాల. నలగామరాజు, నాయకురాలు నాగమ్మ ఏలిన చోటు. శ్రీనాథుడి పేర చాటువుల్లో వేళాకోళానికి దొరికిన జొన్నకూటి సీమ. రాతినేల, నీటి ఎద్దడి, చలిజ్వరాలు. వీరుల కథ పాడేవాళ్ళు కారెంపూడి వెళ్తూ ఆ దారినే నడిచేవారు. గూటిలోని దీపం దగ్గర కూర్చుని తెలుగు ప్రసంగం రాసుకునే జర్మన్ ముసలాయన చెవిన ఎప్పుడో ఒకప్పుడు ఆ పాట పడకుండా ఉండదు.

మొదట్లో చెప్పిన తమాషా ఇదీ. అమెరికా జనాభా లెక్కల్లో 1840 దాకా ఇంటి యజమాని పేరే రాసేవారు, మిగతావాళ్ళు అంకెలు. బానిసలు కాని ప్రతి మనిషి పేరూ, పుట్టిన చోటూ రాయడం 1850 జూన్ 1 నాటి లెక్కతో మొదలైంది. వలసదారుల మునిమనవలు కళ్ళకద్దుకునే లెక్క అది. ఆ రోజు హయ్యరు పల్నాడులో ఉన్నాడు.

1857లో వెళ్ళిపోయాడు. అరవై నాలుగేళ్ళకు మిన్నెసోటా మంచులో కొత్త చర్చిలు కట్టించాడు, 1860లో అక్కడి లూథరన్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. అంతటితో కథ అయిపోయినట్టే అనిపిస్తుంది. అవలేదు. రాజమండ్రిలో జర్మనీ వాళ్ళు 1845లో మొదలుపెట్టి తరవాత అమెరికన్లకు ఒప్పజెప్పిన మిషను ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో డబ్బు ఎండిపోయి, మనుషులు లేక, 1869 నాటికి దాన్ని ఇంగ్లీషు మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామనే దాకా వచ్చింది. పెన్సిల్వేనియాలో రెడింగ్ అనే ఊళ్ళో సంఘం సమావేశమైంది. డెబ్బై ఆరో ఏడు నడుస్తున్న ముసలాయన లేచి, వద్దు, ఎవరూ లేకపోతే నేనే వెళ్తానన్నాడు. చేతిసంచీ సర్దుకునే వచ్చాడని కథగా చెబుతారు. సంచీ మాట ఎలా ఉన్నా, ఆ ఆగస్టులో ఓడెక్కిన మాట నిజం.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు గోదావరికి ఆనకట్ట లేదు. ఈసారి రాజమండ్రి చేరేసరికి ధవళేశ్వరం దిగువన కాలువలు, పడవలు, పచ్చటి డెల్టా. వయసు మీద పడ్డ మనిషి, పక్కన కొత్తగా వచ్చిన కుర్ర పాదిరి, హెచ్.సి. ష్మిట్ అనే డెన్మార్క్ దేశస్థుడు. అతనికి పనులప్పగించి 1871లో తిరుగు ప్రయాణం కట్టాడు.

ఈలోగా 1870 జూన్‌లో అమెరికాలో మళ్ళీ జనాభా లెక్క రాశారు. హయ్యరు గోదావరి ఒడ్డున ఉన్నాడు. 1871 నవంబరులో మద్రాసు రాజధానిలో లెక్క రాశారు. అప్పటికి హయ్యరు ఫిలడెల్ఫియా చేరాడు. ఈ మూడుసార్లూ అక్కడ లెక్కవేస్తే ఇక్కడ, ఇక్కడ లెక్కవేస్తే అక్కడ. పన్ను ఎగ్గొట్టేవాడికి కూడా ఇంత బాగా కుదరదు.

1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో పోయాడు. ఎనభై ఏళ్ళు. అక్కడి వేదాంత పాఠశాలలో పిల్లలకు పెద్దదిక్కుగా ఉన్నాడు ఆఖరి రోజుల్లో. ఫ్రీడెన్స్‌లో భార్య పక్కనే పూడ్చారు.

రాజమండ్రి లూథర్‌గిరిలో 1964లో మొదలైన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ తరవాత జంటనగరాలకు తరలింది. ఇప్పుడు లోయర్ ట్యాంక్‌బండ్ పక్కన గాంధీనగర్‌లో ఉంది. హయ్యరు కథను ఇవాళ ఇక్కడే చదివి పాదిరులవుతున్నారు. ఆ పిల్లల్లో చాలామంది మాల, మాదిగ ఇళ్ళవాళ్ళు. ఆ ఇళ్ళ పెద్దల పేర్లు కరణం లెక్కల్లో పొలం దగ్గర లేవు, ఎందుకంటే పొలం లేదు. భట్రాజులు వాళ్ళను పాడలేదు. డక్కలివాళ్ళు మాదిగల పుట్టుక చెప్పారు, నోటితోనే. ఫలానా మనిషి, తండ్రి ఫలానా, ఊరు ఫలానా, తేదీ ఫలానా అని ఒక వరుసలో సిరాతో పడింది చాలామందికి మొదటిసారి బాప్తిస్మం రిజిస్టర్లోనే. ఆ వరుసలో ఇంటిపేరు పాతదే, దాని పక్కన యోహానో మరియమ్మో. పాత పేరు ఒకటి ఉండేది. అది రాయని చోట పోయింది.

ఇప్పుడు హ్యూస్టన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న పల్నాటి కుర్రాడికి తాత తాత ఎవరో కావాలంటే, వెనక్కి వెనక్కి వచ్చి, ఏదో చిన్న ఊరి చర్చి బీరువాలో చెదలు కొట్టిన ఆ పుస్తకం దగ్గరికే రావాలి. పేజీ తిప్పి వరుస చివరి గడి చూడాలి. బాప్తిస్మమిచ్చినవారి సంతకం అక్కడుంటుంది, ఒక్కోసారి చదవరాని జర్మన్ చేతిరాతలో.