విశాఖలో పుట్టిన 'రాణి రాష్మోణి'.. కోస్ట్ గార్డ్ పెట్రోల్ షిప్ ఎలా పనిచేస్తుంది? ఎన్నేళ్లు పనిచేస్తుంది?

తుపాను హెచ్చరిక వచ్చిందంటే మచిలీపట్నం నుంచి నిజాంపట్నం దాకా ఒకటే టెన్షన్. వేటకెళ్లిన బోట్లన్నీ తిరిగొచ్చాయా? రాకపోతే వెతకడానికి సముద్రంలోకి వెళ్లేది కోస్ట్ గార్డ్. మరి వాళ్ల పెట్రోల్ షిప్ ఎలా ఉంటుంది? మన విశాఖలో తయారైన 'రాణి రాష్మోణి'ని చూస్తే అర్థమవుతుంది.

ఎవరు కట్టారు?

కోస్ట్ గార్డ్ కోసం హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఐదు ఫాస్ట్ పెట్రోల్ షిప్పులు కట్టింది. మొదటిది 'రాణి అబ్బక్క' 2012లో సర్వీసులో చేరింది. చివరిదైన 'రాణి రాష్మోణి' 2018 జూన్‌లో చేరింది. హుగ్లీ నదిలో జాలర్ల వేట హక్కు కోసం ఈస్టిండియా కంపెనీని ఎదిరించిన కోల్‌కతా జమీందారిణి పేరు ఇది.

షిప్ వివరాలు

• పొడవు: 51 మీటర్లు
• బరువు: 275 టన్నులు
• ఇంజిన్లు: 3 డీజిల్, ఒక్కోటి 2,720 కిలోవాట్లు
• టాప్ స్పీడ్: 34 నాట్లు (గంటకు సుమారు 63 కి.మీ.)
• రేంజ్: 1,500 నాటికల్ మైళ్లు (సుమారు 2,780 కి.మీ.)

ఈ రేంజ్ నిదానంగా వెళ్తేనే వస్తుంది. ఫుల్ స్పీడ్‌లో డీజిల్ చాలా త్వరగా అయిపోతుంది.

వాటర్ జెట్ ఎందుకు?

దీనికి మామూలు ప్రొపెల్లర్లు ఉండవు. మూడు వాటర్ జెట్లు నీటిని లోపలికి లాగి వెనక్కి బలంగా చిమ్ముతాయి. షిప్ ముందుకు దూసుకెళ్తుంది. అడుగున ప్రొపెల్లర్ వేలాడదు కాబట్టి లోతు తక్కువున్న చోట ఇబ్బంది తక్కువ. అయితే తెగిన వలలు, ప్లాస్టిక్ చెత్త జెట్‌లోకి వెళ్తే మాత్రం సమస్యే.

స్పీడ్ ఒక్కటే చాలదు

విశాఖ నుంచి నిజాంపట్నం సముద్ర మార్గంలో దాదాపు 200 నాటికల్ మైళ్లు. 34 నాట్లతో వచ్చినా ఆరు గంటలు పడుతుంది. అలలు ఎగసిపడుతుంటే ఆ స్పీడ్ కూడా రాదు. కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలోనూ కోస్ట్ గార్డ్ స్టేషన్లు ఉండటం అందుకే ముఖ్యం.

లైఫ్ ఎంత?

ఇలాంటి షిప్పులు సాధారణంగా 20 నుంచి 25 ఏళ్లు పనిచేస్తాయి. వీటి పెద్ద శత్రువు ఉప్పునీరు. అందుకే కొన్నేళ్లకోసారి డ్రై డాక్‌కు ఎక్కించి నాచు గీకుతారు, తుప్పు పట్టిన రేకులు మారుస్తారు, ఇంజిన్లు విప్పి బాగుచేస్తారు. ఆ రిపేర్ జరిగినన్నాళ్లూ గస్తీకి ఒక షిప్ తక్కువే.

1977 గుర్తుందా?

కోస్ట్ గార్డ్ తాత్కాలిక సంస్థగా మొదలైంది 1977 ఫిబ్రవరి 1న. అదే ఏడాది నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల మందిని మింగేసింది. ఈ తీరానికి గస్తీ షిప్ విలువ ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

వేటకెళ్లేవాళ్లు ఇది సేవ్ చేసుకోండి: సముద్రంలో ఆపదొస్తే కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ నంబర్ 1554. ఫోన్ సిగ్నల్ లేకపోతే వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 16.