రంపానికి పళ్ళు నేర్పిన పురుగు

హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు (2014 అక్టోబరు 12) నేను విశాఖలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మర్నాడు పొద్దున్న గేటు తీస్తే రోడ్డు లేదు, అన్నీ చెట్లే. మా వీధివాళ్ళం రెండు రోజులపాటు గొడ్డళ్ళతో కత్తులతో కొట్టుకుంటూ కూర్చున్నాం. మూడో రోజు ఒక జట్టు మోటారు రంపం పట్టుకొచ్చి, మాకు కొరుకుడుపడని నిద్రగన్నేరు మానుని పది నిమిషాల్లో ముక్కలు చేసి పక్క వీధికెళ్ళిపోయింది. నోరు తెరుచుకుని చూశాను. ఇంజినుంటే చాలు, ఏదైనా కోసెయ్యొచ్చు అని ఆరోజు గట్టిగా నమ్మేశాను.

ఆ నమ్మకం తప్పని తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఒరెగాన్ రావాల్సొచ్చింది, ఇంకో గాలివానా కావాల్సొచ్చింది.

2024 జనవరి 13న పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల చలిగాలికి బోలెడు చెట్లు పడిపోయాయి. మా ఇంటి ఓనరు పెరట్లో ఒక డగ్లస్ ఫర్ మాను కూడా పడింది. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు అడవుల్లో కలప పని చేసిన మనిషి. "పై భాగం కట్టెలకి, మొదలు పలకలకి. సాయం పడితే సగం కట్టెలు నీవే" అన్నారు. నా వాటాలో కట్టెల పొయ్యి ఉంది. సరేనన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఊరుకోకుండా ఒక పాత 60 సీసీ రంపం కొనుక్కొచ్చాను. ఆయన కట్టెల రంపం 50 సీసీదే, అది చూసి లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

మొదటి గంట బానే నడిచింది. తర్వాత పొగ మొదలైంది. కోత నిలువుగా దిగకుండా అరటిపండులా ఒంపు తిరుగుతోంది. నేను బలమంతా పెట్టి నొక్కుతున్నాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపమన్నారు. ఇంజిను వంకే చూడలేదు. కింద పడ్డ పొట్టు గుప్పెట్లోకి తీసుకుని నా చేతిలో పోశారు. గోధుమపిండిలా ఉంది. తర్వాత ఆయన రంపం కింది పొట్టు తీసి పోశారు. అటుకుల్లా రేకులు రేకులుగా ఉంది.

"పదునున్న గొలుసు రేకులు కోస్తుంది, మొద్దుబారింది పిండి కొడుతుంది. నువ్వు ఎక్కడో నేలకి తగిలించావు" అన్నారు. నిజమే, ఒక్కసారి మట్టిలో ముంచాను. ఒక్కసారే.

తప్పుగా రాసిన క్వెరీకి సర్వర్లో ర్యామ్ పెంచుకుంటూ పోయే బాపతు మనుషులం కదా మనం. నేను ఇక్కడా అదే చేశానన్నమాట. ఆ రాత్రి కూర్చుని ఈ రంపం చరిత్ర తిరగేస్తే తెలిసిందేంటంటే, ఆ పని చేసిన మొదటివాణ్ణి నేను కాదు. ప్రపంచం ఇరవయ్యేళ్ళు అదే పని చేసింది.

కథ మొదలయ్యేది అడవిలో కాదు, ఆపరేషన్ బల్ల మీద. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్కాట్లాండ్‌లో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు డాక్టర్లు సన్నటి పళ్ళున్న గొలుసు వాడేవారు. రెండు కొసలా పిడులు, చేత్తో అటూ ఇటూ లాగడమే. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల మధ్య దారి చెయ్యడానికి, చెడిపోయిన ఎముక తీసెయ్యడానికి. మత్తుమందు లేని రోజులవి, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. 1830లో బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ వైద్యుడు ఆ గొలుసుని ఒక పట్టీ చుట్టూ ఎక్కించి, చేత్తో తిప్పే మర పెట్టాడు. కలప రంపం నేరుగా దాన్నుంచి పుట్టిందని చెప్పలేం గానీ, మధ్యలో బారు, దాని చుట్టూ తిరిగే గొలుసు అనే రూపం మాత్రం అక్కడే కనిపిస్తుంది.

అడవిలోకి వచ్చింది 1920లలో, జర్మనీలో. 1926లో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచే రంపం తెచ్చాడు. అడవిలో కరెంటు ఎక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపం తయారుచేసి, థురింగియాలోని డోల్మార్ అనే కొండ మీద పరీక్షించాడు. బరువు 58 కిలోలు. (ఆ కొండ పేరే తర్వాత కంపెనీ పేరైంది.) 1929లో స్టిల్ పెట్రోలు రంపం వచ్చింది. 46 కిలోలు, 6 హార్స్‌పవర్. రెండు కొసలా ఇద్దరు మనుషులు పట్టుకోవాలి.

అక్కణ్ణుంచి అందరి ధ్యాసా ఇంజిను మీదే. బలం పెంచు, బరువు తగ్గించు. మరి గొలుసు మీద పళ్ళు? అవి పాత చేతిరంపం పళ్ళే! చేతిరంపంలో కొన్ని పళ్ళు గీత గీస్తాయి, వాటి మధ్యవి ఆ గీతలోని చెక్కని గీకి బయటికి లాగుతాయి. మనిషి మెల్లగా అటూ ఇటూ లాగే వేగానికి, వందల ఏళ్ళ అనుభవంతో కుదిరిన లెక్క అది. దాన్నే తీసుకెళ్ళి, ఒకే దిక్కుకి ఉరుకుతున్న గొలుసుకి తగిలించారు. కొత్త సర్వర్ మీద పాత కోడు ఎక్కించినట్టు. అది కొయ్యడం కంటే గీకడమే ఎక్కువ. త్వరగా మొద్దుబారేది. మళ్ళీ పదును పెట్టాలంటే చెయ్యి తిరిగినవాడు కావాలి, గంటలు కావాలి.

1946లో ఒరెగాన్‌లో జోసెఫ్ బ్యూఫోర్డ్ కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతూ ఒక మొద్దు మీద ఆగిపోయాడు. అందులో చూపుడువేలంత పురుగుంది. కలప తొలిచే పెంకుపురుగు పిల్ల దశ. అది గట్టి చెక్కని అడ్డంగా, నిలువుగా, ఎటు కావాలంటే అటు తినుకుంటూ పోతోంది. మనలో చాలామంది ఛీ అని విదిలించి పారేస్తాం. కాక్స్ దాని దవడలు చూశాడు. అది గీకడం లేదు. వంపు తిరిగిన రెండు దవడలతో ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి కొరికి ముక్క ఊడదీస్తోంది.

ఆయన పోర్ట్‌లాండ్‌లో తన ఇంటి నేలమాళిగలో కూర్చుని ఆ దవడని ఉక్కులో చేశాడు. ఒక పన్ను ఎడమకి, తర్వాతది కుడికి, రెండూ వంపు తిరిగి. 1947 నవంబరులో ఆ గొలుసు అమ్మకానికొచ్చింది. ఒరెగాన్ అనే పేరుతో ఇవాళ దొరికే గొలుసులు ఆ కంపెనీ వారసులే. ఇంకో గొప్ప సుగుణం ఏంటంటే, ఈ పంటికి ఒక గుండ్రటి ఆకురాయి చాలు. నిపుణుడు అక్కర్లేదు, కోసేవాడే పదును పెట్టుకోవచ్చు.

దీనికి తోడు తేలిక లోహాలు వచ్చాయి. రంపాన్ని ఎటు వంచినా పెట్రోలు అందించే కార్బ్యురేటర్ వచ్చింది. 1949లో అమెరికాలో మెక్‌కల్లాక్ కంపెనీ 25 పౌండ్ల ఒంటిమనిషి రంపం తెచ్చింది. (అన్నట్టు, 1968లో పాత లండన్ బ్రిడ్జిని కొని, రాళ్ళు విప్పించి తెచ్చి, 1971కల్లా అరిజోనా ఎడారిలో మళ్ళీ కట్టించిన రాబర్ట్ మెక్‌కల్లాక్ ఈయనే. రంపాల డబ్బు అలా ఖర్చైంది!) 1959లో స్టిల్ కంపెనీ కాంట్రా రంపం బరువు 12 కిలోలు, బలం 6 హార్స్‌పవర్. అంటే ముప్ఫై ఏళ్ళ కిందటి 46 కిలోల బలమే, నాలుగోవంతు బరువులో.

ఇక్కడే రెండో మనిషి మాయమయ్యాడు. ఇద్దరు పట్టుకున్నప్పుడు ఒకడు తొందరపడితే రెండోవాడు ఆపేవాడు. ఒంటరిగా పట్టుకున్నవాడికి ఆపేవాడు లేడు. తిరిగే గొలుసు బారు కొస పైభాగంలో దేనికైనా తగిలితే రంపం కన్ను మూసి తెరిచేలోగా మొహం మీదకి ఎగురుతుంది. గొలుసుని అక్కడికక్కడే ఆపే బ్రేకుని స్టిల్ కంపెనీ 1972లో తెచ్చింది. పని అంతా ఒంటిచేతి మీదికొచ్చిన ఇరవై ఏళ్ళకి గానీ రాలేదు! రోజంతా అదురు భరించి వేళ్ళు తెల్లబడి స్పర్శ పోయిన కార్మికుల సంగతి మరో పెద్ద కథ.

అడవి సంగతీ అంతే. బ్రెజిల్‌లో చీకో మెండెస్, ఆయన తోటి రబ్బరు కార్మికులు చెట్లు కొట్టే జట్లకి అడ్డంగా వెళ్ళి నిలబడేవారు. 1988 డిసెంబరు 22న షాపురిలో ఆయన్ని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఘనాలో రంపం పట్టుకుని అడవిలోనే పలకలు కోసి అమ్మేవాళ్ళు ఎక్కువైతే 1998లో నిషేధించారు. అయినా కోత ఆగలేదు, ఎందుకంటే ఊళ్ళకి చౌక పలకలు కావాలి, కోసేవాడికి కూలి కావాలి. ఒక కోత మిల్లు ఒక మనిషి భుజాన ఇమిడిపోయాక కాపలా కాయడం కష్టం.

సరే, మా పెరట్లోకి వద్దాం. కట్టెలయ్యాక మొదలు మిగిలింది, ఎనిమిది అడుగుల దుంగ. నా గొలుసుకి పదును పెట్టేసుకున్నాను కదా, ఇక దూలాలు కూడా కోసేద్దాం అన్నాను. పెద్దాయన నవ్వి ఇంకో గొలుసు తీశారు.

చెక్క అంటే చీపురుకట్ట అనుకోండి. కట్టెలకి కోసేది అడ్డకోత, పన్ను పుల్లల్ని పక్కనుంచి తెంపుతుంది. పలకలకి కోసేది నిలువుకోత. రంపం పుల్లల వెంబడి ముందుకు పోవాలి, కాబట్టి ప్రతి పన్నూ పుల్లల కొసల్నే కొరకాలి. అందుకే మామూలు గొలుసు పంటి అంచుకి సుమారు 30 డిగ్రీల ఏటవాలు ఉంటే, నిలువుకోత గొలుసుకి 10 డిగ్రీలే. నెమ్మదిగా వెళ్తుంది, పలక నునుపుగా వస్తుంది. (ఇందులో పదునున్నా పొట్టు సన్నగానే పడుతుంది. పిండి సూత్రం ఇక్కడ పనికిరాదు.) బారుకి బిగించే చట్రాన్ని ఇక్కడ అలాస్కన్ మిల్లు అంటారు. మొదటి కోతకి దుంగ మీద ఒక నిచ్చెన బిగించి, దాని మీద చట్రాన్ని జరుపుకుంటూ పోవాలి. రెండో కోతనుంచి కోసిన తలమే దారి.

ఇక్కడ మాత్రం ఇంజిను మాట నిజమే. పది నిమిషాలు ఆగకుండా పూర్తి వేగంతో నడవాలి. నా 60 సీసీ దానికి అంచు సరుకు, 70 నుంచి 90 దాకా ఉంటే మంచిది. ఇంకో లెక్క కూడా చూడండి. గొలుసు చేసే కంత సుమారు 8 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల పలక తీస్తే 33 ఖర్చు, అంటే దాదాపు పావు వంతు చెక్క పొట్టు కిందే పోతుంది. బ్యాండ్‌సా అయితే కంత 3 మిల్లీమీటర్ల లోపే. కాబట్టి దుంగని కదిలించలేనప్పుడు, లేదా రెండు మూడే ఉన్నప్పుడు ఈ పద్ధతి. లోడు కలప ఉంటే మిల్లుకి పంపడమే తెలివి.

కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ముందు ఏ కోత అన్నది తేల్చుకోండి. ఏడాదికి సరిపడా కట్టెలే అయితే 40–50 సీసీ, 16–18 అంగుళాల బారు చాలు. మిగిలిన డబ్బుతో రెండో గొలుసు, సరైన సైజు ఆకురాయి, హెల్మెట్, కాళ్ళకి తొడుగు కొనండి. ఆ తొడుగులోని పీచు గొలుసుకి చుట్టుకుని దాన్ని ఆపేస్తుంది, ఫ్యాషన్ కోసం కాదు. పెట్రోలు నింపిన ప్రతిసారీ రెండు నిమిషాలు పదును పెట్టండి. ఎడమ పళ్ళు, కుడి పళ్ళు సమానంగా రాయండి. ఒక వైపు తక్కువైతే కోత ఒంపు తిరుగుతుంది. నా అరటిపండు రహస్యం అదే.

ఆ ఆదివారం తాతయ్యకి వీడియో కాల్ చేసి పలకలు చూపించాను. అనకాపల్లిలో తాతయ్యకి కట్టెల అడితి ఉండేది. రంపం ధరెంత, ఎన్ని సీసీ అని అడుగుతారనుకున్నాను.

"ఆకురాయి ఎవరు పట్టేరురా?" అన్నారు.

"నేనే, తాతయ్యా."

"అయితే కోత నీదే" అని, తన చిన్నప్పటి కోతపనివాళ్ళ గురించి చెప్పారు. దుంగని ఎత్తు మీద పెట్టి ఒకడు పైన, ఒకడు కింద. పైవాడు గీత చూసుకోవాలి, కిందవాడు పొట్టు తినాలి. పొద్దున్నే మొదటి పని ఇద్దరూ కూర్చుని పళ్ళు రాయడమే. పదును సరిగా లేకపోతే కిందవాడు పైకి రాడట, రంపమే వదిలేసేవాడట.

పలకలకి అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలంటారు. 2024లో పేర్చినవి ఏడాది దాటాక పెద్దాయన నాకు రెండు ఇచ్చారు. వాటితో చేసుకున్న బల్ల మీదే ఇది రాస్తున్నాను. ఎడమ అంచున ఒకచోట కోత కొంచెం ఒంపు తిరిగి ఉంది. చిత్రిక పట్టేస్తే పోతుంది. పెద్దాయన వద్దన్నారు, నేనూ వదిలేశాను.