మార్లవాయి బడి – ఇంటి పాఠం

పిల్లలకు సంస్కృతిని బోధించాలనుకున్నప్పుడు మన వాచకాలు పండుగల పట్టిక ఒకటి ఇచ్చి ఊరుకుంటాయి. జవాబు ముందే అచ్చయి ఉన్నచోట పిల్లవాడు అడగవలసినదేమీ మిగలదు. ఈ విషయం ఆలోచించినప్పుడల్లా నాకు ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గుర్తుకు వస్తుంది.

1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము నడిపిన తిరుగుబాటును అణచివేసిన తరువాత, గోండుల అసంతృప్తికి కారణాలేమిటో తెలుసుకొనే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివసించారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయింది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు వెలువడ్డాయి. బడి మొదటిసారిగా పిల్లవాని ఇంటి భాషలో మాట్లాడింది. ఆ తరువాతి కాలంలో గోండి మాధ్యమం నిలవలేదు.

బడి భాషే ఇంటి భాష అయితే, బడిలో పుట్టిన ప్రశ్న నేరుగా ఇంటికి వెళ్ళగలదు. గోండులలో నాలుగు సగలున్నాయి. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులుగా వాటిని చెప్పుకుంటారు. ఒకే సగలో పెళ్ళి జరగదు. "తాతా, మనది ఏ సగ?" అని పిల్లవాడు అడిగితే చాలు. పెళ్ళి నియమమూ, వంశదైవమైన పెర్సాపెన్ కథా, ఆ కథలను కీక్రీ వాయిస్తూ పాడే ప్రధానుల సంగతీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్ళను దైవానికి పరిచయం చేయడంలోని అర్థం అప్పుడు వాడికి తెలుస్తుంది.

కరీంనగర్ వైపు పిల్లలకూ ఈ దారి పనికివస్తుంది. వేములవాడ రాజన్నకు కోడెను కట్టడం ఆచారమని చెప్పి వదిలివేయకుండా, "ఆ మొక్కు మన ఇంట్లో మొదట ఎవరు మొక్కుకున్నారు? ఏ కష్టం వచ్చినప్పుడు?" అని అడిగి రమ్మనవచ్చు. ఒక ఇంట అది బిడ్డ జబ్బు కావచ్చు, మరొక ఇంట సంతానం లేని దిగులు కావచ్చు. నలభైమంది తెచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఊరి చరిత్ర కొంత వారి కళ్ళముందుకే వస్తుంది.

ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మన తెలుగు రాతలకు ఆధారమైన ఏర్పాటే ఇప్పుడు ఆ లిపికీ దక్కింది. అందులో వ్రాసుకోవలసిన ఇంటి కథలు మాత్రం చాలావరకు పెద్దల నోటనే ఉన్నాయి. వారు ఉండగానే పిల్లలను ప్రశ్నలతో వారి వద్దకు పంపవలసి ఉన్నది.