ఏ కణానికి ఏ హార్మోన్? అండాశయ క్యాన్సర్ పరిశోధనలో నూట పాతికేళ్లు

1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ ‘లాన్సెట్’ పత్రికలో ఒక కొత్త చికిత్స గురించి రాశాడు. రొమ్ము క్యాన్సర్ బాగా ముదిరి, ఇక ఆపరేషన్‌కు లొంగదని తేలిన ఒక యువతికి ఆయన అండాశయాలు తీసేశాడు. రొమ్ములోని కణితి కరిగిపోయింది. పాడి ఆవుకు అండాశయాలు తొలగిస్తే ఎక్కువకాలం పాలిస్తుందని కొన్ని దేశాల రైతులకు అప్పటికే తెలుసు. రొమ్ముకూ అండాశయానికీ ఏదో లంకె ఉందన్న ఊహ బీట్సన్‌కు అక్కడే తట్టింది. హార్మోన్ అన్న మాట ఇంకా పుట్టని రోజులవి.

ఎక్కడో ఉన్న రొమ్ములోని క్యాన్సర్‌ను అండాశయం పెంచగలిగితే, తనలోనే పుట్టిన క్యాన్సర్‌ను ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు ఆధారాలతో జవాబు రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆలస్యానికి పరికరాల కొరత కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం, నా దృష్టిలో, ఎన్నో వేర్వేరు జబ్బులను ‘అండాశయ క్యాన్సర్’ అనే ఒకే పేరు కింద కలిపి చూడటం.

హార్మోన్లు చేతికి అందడం మాత్రం త్వరగానే జరిగింది. 1923లో సెయింట్ లూయీలో ఎడ్గార్ అలెన్, ఎడ్వర్డ్ డోయిజీ పంది అండాశయాల నుంచి తీసిన ద్రవంలో ఈస్ట్రోజన్ ప్రభావాన్ని చూపించారు. 1929లో ఈస్ట్రోన్ అనే ఈస్ట్రోజన్, 1934లో ప్రొజెస్టెరాన్ శుద్ధరూపంలో దొరికాయి. 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక హైడ్రోజన్‌ను తగిలించిన ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్‌ను ఎలుకలకు ఎక్కించి చూశాడు. రక్తంలో తిరిగే హార్మోన్ గర్భాశయంలో నిలిచిపోతోంది, కండరాల్లో నిలవడం లేదు. దాన్ని పట్టి ఉంచే ప్రోటీనే ఈస్ట్రోజన్ రిసెప్టర్. హార్మోన్ పట్టుకున్న రిసెప్టర్ కణకేంద్రకంలో డీఎన్ఏకు అతుక్కుని కొన్ని జన్యువులను పని చేయిస్తుంది. 1970లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ రోగుల కణితుల్లో ఈ రిసెప్టర్‌ను కొలవడం, దాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ ఇవ్వడం మొదలయ్యాయి.

అండాశయ క్యాన్సర్ దగ్గర ఆ వేగం కనిపించదు. ఈ జబ్బు ఎక్కువగా ముట్లు ఆగిపోయిన తర్వాతే బయటపడుతుంది. అప్పటికి అండాశయం ఈస్ట్రోజన్ తయారీని దాదాపు ఆపేసి ఉంటుంది. పైగా ఆపరేషన్‌లో అండాశయాలు ఎలాగూ తీసేస్తారు. ఇక హార్మోన్‌కు పనేముందని చాలామంది అనుకున్నారు. కొవ్వు కణజాలంలోనూ, కొన్నిసార్లు కణితిలోనే కూడా అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తూనే ఉంటుందన్న సంగతి తర్వాత గానీ బరువు సంతరించుకోలేదు.

అసలు కదలిక ప్రయోగశాలలో కాక, జనాభా అధ్యయనాల్లో మొదలైంది. 1971లో ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా ‘లాన్సెట్’‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. నెలనెలా అండం విడుదలైనప్పుడల్లా అండాశయం పైపొర చిరుగుతుంది, మళ్లీ మానుతుంది. విరామం లేని ఈ చిరుగుడే క్యాన్సర్‌కు దారితీస్తుందేమోనని ఆయన అడిగాడు. కాన్పులు ఎక్కువైన స్త్రీలలో ఈ జబ్బు తక్కువ కావడానికి ఈ ఊహ చక్కగా సరిపోయింది. అప్పటికి పదేళ్లుగా వాడుకలో ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా అండం విడుదలను ఆపేవే. 1987లో అమెరికాలో జరిగిన ‘క్యాన్సర్ అండ్ స్టెరాయిడ్ హార్మోన్’ అధ్యయనం మాత్రలు వాడినవారిలో ముప్పు దాదాపు 40 శాతం తక్కువని తేల్చింది. 2008లో ఆక్స్‌ఫర్డ్ బృందం 21 దేశాల్లోని 45 అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. అప్పటివరకు ఈ మాత్రలు దాదాపు 2 లక్షల అండాశయ క్యాన్సర్లను, లక్ష మరణాలను ఆపాయని అంచనా వేసింది. పిల్లలు పుట్టకుండా ఉండటానికి తయారైన మందు ఇంతమంది ప్రాణాలు కాపాడటం వైద్యచరిత్రలో అరుదైన విషయం.

అయితే ఫతల్లా లెక్కలో ఒక చిక్కుంది. ఒక గర్భధారణ వల్ల ఆగే అండాల సంఖ్య తక్కువ, కలిగే రక్షణ ఎక్కువ. ఆ తేడాకు ఇంకేదో కారణం ఉండాలి. 1998లో యేల్ విశ్వవిద్యాలయంలో హార్వే రిష్ ఉన్న ఆధారాలన్నీ ముందు పెట్టుకుని వాదించాడు: ఆండ్రోజన్లు (పురుష హార్మోన్లు) ఈ క్యాన్సర్‌ను ప్రోత్సహిస్తాయి, ప్రొజెస్టెరాన్ అడ్డుకుంటుంది, గర్భంలో పొంగే ప్రొజెస్టెరానే ఆ అదనపు రక్షణకు మూలం. అదే ఏడాది గుస్తావో రోడ్రిగెజ్ బృందం కోతులపై చేసిన ప్రయోగం బయటికొచ్చింది. ఏ హార్మోన్ ఇవ్వని కోతుల అండాశయ పైపొరలో 3.8 శాతం కణాలు తమంతట తాము చనిపోతున్నాయి. మాత్రల్లో ఉండే, ప్రొజెస్టెరాన్‌లా పని చేసే లెవొనార్జెస్ట్రెల్ మాత్రమే ఇచ్చినవాటిలో అది 24.9 శాతానికి పెరిగింది. ఈస్ట్రోజన్‌తో కలిపి ఇస్తే 14.5 శాతం దగ్గర ఆగింది. దెబ్బతిన్న కణం క్యాన్సర్‌గా మారేలోపే దాన్ని సాగనంపే పని ప్రొజెస్టెరాన్ చేస్తోందని ఈ అంకెలు సూచిస్తున్నాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన ఆధారం ఇదే.

ఇక క్యాన్సర్ కణాల సంగతి. రోగుల పొట్టలో చేరే నీటి నుంచి తీసిన కణాలను గాజుపాత్రల్లో ఏళ్ల తరబడి పెంచగలిగాకే సూటి ప్రయోగాలు సాధ్యమయ్యాయి. 1983లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు ఓవీకార్-3 కణాలను వివరించారు. వాటిలో ఈస్ట్రోజన్, ఆండ్రోజన్ రిసెప్టర్లు రెండూ ఉన్నాయి. అయినా అప్పటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసిగేవి కావు. ఒక ల్యాబ్‌లో ఈస్ట్రోజన్ కణాలను పెంచేది, మరోచోట ఏ తేడా చూపేది కాదు.

ఈ గందరగోళానికి ఒక కారణం 1986లో బయటపడింది. కణాలు పెరిగే పోషక ద్రవంలో ఆమ్లత్వం మారితే తెలియడానికి ఫినాల్ రెడ్ అనే ఎర్ర రంగు కలుపుతారు. ఆ రంగే బలహీనమైన ఈస్ట్రోజన్‌లా పని చేస్తోందని ఇలినాయ్‌లో కాట్జెనెలెన్‌బోగెన్ బృందం చూపించింది. అంటే హార్మోన్ లేదనుకున్న పాత్రలోనూ కణాలు హార్మోన్ లాంటిది తాగుతూనే ఉన్నాయి. అక్కడి నుంచి జాగ్రత్త పెరిగింది: రంగు లేని ద్రవం, బొగ్గుపొడితో స్టెరాయిడ్లు పీల్చేసిన సీరమ్.

ఈ దశలో ఎడిన్‌బరోలో సైమన్ లాంగ్డన్, సహచరులు చేసిన పని నిలిచిపోయింది. పీఈఓ1, పీఈఓ4 అనే కణాలను వాళ్లు ఒకే రోగి నుంచి, జబ్బు నడిచిన వేర్వేరు దశల్లో సేకరించారు. 1990లో ప్రచురించిన ఫలితం స్పష్టంగా ఉంది. రిసెప్టర్ ఉన్న కణాలకు లీటరు ద్రవంలో కొన్ని పదుల నానోగ్రాముల ఈస్ట్రడయాల్ చాలు, అవి వేగంగా పెరుగుతాయి. టామోక్సిఫెన్ ఆ పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. రిసెప్టర్ లేని కణాలు ఎంత హార్మోన్ పోసినా కదలవు. ఈస్ట్రోజన్ తగిలిన కణంలో విభజనకు తోడ్పడే సి-మిక్ లాంటి జన్యువులు చురుకవుతాయి, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ కూడా పెరుగుతుంది. 1996లో స్టాక్‌హోమ్‌లో యాన్-ఓకె గుస్తాఫ్సన్ బృందం రెండో ఈస్ట్రోజన్ రిసెప్టర్ బీటాను కనుగొన్నాక మరో పొర తేలింది. కణాల్ని పెంచే పని ప్రధానంగా మొదటి రిసెప్టర్ ఆల్ఫాది. బీటా చాలా సందర్భాల్లో దానికి ఎదురు నిలుస్తుంది.

గాజుపాత్రలో కనిపించింది మనుషుల్లోనూ కనిపించింది. ముట్లు ఆగాక వేడి ఆవిర్లకు ఇచ్చే హార్మోన్ మాత్రలపై 2015లో ఆక్స్‌ఫర్డ్ బృందం 52 అధ్యయనాలను కలిపి చూసింది. 50 ఏళ్ల వయసు నుంచి ఐదేళ్లు వాడితే ప్రతి 1,000 మందిలో ఒకరికి అదనంగా అండాశయ క్యాన్సర్ వస్తుందని తేల్చింది. ముప్పు చిన్నదే, కానీ నిజమైనది.

మరి ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే మందులు రొమ్ములో గెలిచినట్టు ఇక్కడ ఎందుకు గెలవలేదు? జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టిన రోగులకు టామోక్సిఫెన్ ఇస్తే కొద్దిమందికే కణితి తగ్గింది. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో రిసెప్టర్ చూడకుండానే, రకం చూడకుండానే అందరికీ మందిచ్చారు. రొమ్ము విషయంలో అప్పటికే నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ పక్కన పెట్టడం పెద్ద పొరపాటు. 2013లో దాదాపు 3,000 మంది రోగుల కణితులను పరీక్షించిన అంతర్జాతీయ అధ్యయనం రకాన్ని బట్టి రిసెప్టర్ మారుతుందని నిర్ధారించింది. సీరస్, ఎండోమెట్రియాయిడ్ రకాల్లో ఎక్కువ భాగానికి ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉంది, మ్యూసినస్, క్లియర్ సెల్ రకాల్లో తక్కువ. ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ బలంగా ఉన్న హై గ్రేడ్ (వేగంగా పెరిగే) సీరస్ రోగులు ఎక్కువకాలం బతికారు. పైగా ఈ హై గ్రేడ్ సీరస్ క్యాన్సర్‌లో చాలా భాగం అండాశయంలో కాక, ఫాలోపియన్ నాళం కొసన పుడుతుందని 2000ల తర్వాత తేలింది. అండం విడుదలైనప్పుడల్లా హార్మోన్లు నిండిన ద్రవంలో తడిసేది ఆ కొసే. ఫతల్లా ప్రశ్న అలా కొత్త చోట మళ్లీ తలెత్తింది.

రకాన్ని చూసి మందిస్తే ఏం జరుగుతుందో 2017లో టెక్సాస్ నుంచి వచ్చిన ఫలితం చూపింది. లో గ్రేడ్ (నెమ్మదిగా పెరిగే) సీరస్ రోగుల్లో కీమో తర్వాత హార్మోన్ మందులు కొనసాగించినవారికి జబ్బు తిరగబెట్టకుండా గడిచిన మధ్యస్థ కాలం 64.9 నెలలు. కొనసాగించనివారికి 26.4 నెలలే. ఇది పాత రికార్డులను వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం కనుక ఆఖరి మాట కాదు. అయినా తేడా పెద్దది.

కొత్త అధ్యాయం కార్టిసాల్‌ది. అదీ స్టెరాయిడ్ హార్మోనే. ఒత్తిడిలో శరీరం దాన్ని వదులుతుంది, పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించే ముందు అలర్జీ రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ దాని బంధువే. ఈ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ చురుకైతే క్యాన్సర్ కణాలు కీమోకు చావకుండా తప్పించుకుంటున్నాయని ప్రయోగశాలల్లో కనిపించింది. దాంతో రిసెప్టర్‌ను మూసేసే రెలాకోరిలాంట్ అనే మందును పరీక్షించారు. 2025లో ఫలితాలు వచ్చిన రోసెల్లా ట్రయల్‌లో ప్లాటినం మందులకు లొంగని 381 మంది పాల్గొన్నారు. కీమోతో పాటు రెలాకోరిలాంట్ తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం దాదాపు 16 నెలలు, కీమో మాత్రమే తీసుకున్నవారిది 11.5 నెలలు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తెలిస్తే బయాప్సీ రిపోర్టులో రకం, గ్రేడ్ రాశారో లేదో చూడండి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ల పరీక్ష చేశారా, చేయకపోతే అవసరమా అని డాక్టరును అడగండి. అడగకుండా మాత్రం ఏ హార్మోన్ మాత్రనూ సొంతంగా మొదలుపెట్టవద్దు, ఆపవద్దు.